నొటేషన్ పక్కన పెట్టి చెవితో పియానో వాయించడం: మొదటి పన్నెండు వారాల పద్ధతి

"గ్రేడ్ పరీక్షలు పాసయ్యాను. పేజీ ముందుంటే కష్టమైనవి కూడా వాయిస్తాను. పేజీ తీసేస్తే ఇంట్లో అందరికీ తెలిసిన పాట ఒక్కటి కూడా వేళ్లకు రాదు. ఎక్కడ మొదలుపెట్టాలి?" ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో నాకు వస్తూనే ఉంది. విడివిడిగా చెప్పిన జవాబులన్నీ ఒక వరుసలో పెట్టి ఇక్కడ రాస్తున్నాను.

నేనూ ఆ దారిలో వచ్చినవాణ్ణే. పరీక్ష పాసైన ఏడాదే బంధువుల ఇంట్లో పిల్లాడి పుట్టినరోజుకి నన్ను కీబోర్డు ముందు కూర్చోబెట్టారు. అందరూ పాట అందుకున్నారు. మొదటి స్వరం ఎక్కడుందో నాకు తెలియలేదు. పాట అయ్యేదాకా చేతులు కీల మీద అలాగే ఉండిపోయాయి. ఇన్నేళ్లూ కళ్లు చూశాయి, వేళ్లు నొక్కాయి, మధ్యలో చెవికి పని పడలేదని ఆ రాత్రి అర్థమైంది.

అందుకే ఈ పద్ధతి అంతా ఒకే క్రమం మీద నడుస్తుంది: వినాలి, పాడాలి, స్వరం పేరు చెప్పాలి, ఆ తర్వాతే కీ నొక్కాలి. వీటిలో చాలామంది దాటేసేది రెండోది. గొంతును వదిలేసి నేరుగా కీల మీదికి వెళితే అది వెతుకులాట అవుతుంది. వెతికి పట్టుకున్న పాట రెండు రోజుల్లో మళ్లీ పోతుంది.

ఈ పనికి మన సరిగమలు చాలా అనుకూలం. శ్రుతి ఎక్కడ పెట్టుకున్నా స అంటే స, ప అంటే ప. కాబట్టి ఇక్కడ పాటలన్నీ స్వరాల పేర్లతోనే చెబుతాను. సి, డి, ఈ లాంటి పేర్లు కీని చూపించడానికి మాత్రమే.

1. ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- పియానో గానీ, 61 కీల కీబోర్డు గానీ. ఫోన్ తెర మీద వాయించే యాప్ ఈ పనికి చాలదు, వేలికి దూరాలు తెలియవు.
- కీబోర్డు అయితే ట్రాన్స్‌పోజ్ (శ్రుతి మార్చే బటన్) సున్నా దగ్గర ఉందో లేదో చూసుకోండి. ఎవరో మార్చి వదిలేసి ఉంటే మీరు నేర్చుకున్నదంతా తారుమారవుతుంది.
- శ్రుతి పెట్టె, లేదా ఫోన్‌లో తంబూరా యాప్.
- మంచి ఇయర్‌ఫోన్స్. ఫోన్ స్పీకర్‌లో బేస్ (కింది స్వరాలు) సరిగా వినపడదు, ఎడమ చేతి పనికి వచ్చేసరికి అదే కావాలి.
- ఒక నోట్‌బుక్, పెన్సిల్. స్వరాలు తెలుగులోనే రాసుకోవచ్చు.
- రోజుకి 25 నిమిషాలు. ఆదివారం రెండు గంటలు కూర్చునేకంటే ఇది మేలు.

సస్టెయిన్ పెడల్ మొదటి నెల వాడకండి. తప్పు స్వరం కూడా దాని హోరులో కలిసిపోయి బాగానే ఉన్నట్టు వినిపిస్తుంది.

షీట్ మ్యూజిక్ మానేయమని నేను చెప్పడం లేదు. ఆ చదువు మీ ఆస్తి, దాని సమయం దానికి ఉంచండి. ఈ 25 నిమిషాలు మాత్రం స్టాండ్ మీద ఏమీ ఉండకూడదు. పుస్తకం మూసి అక్కడే పెట్టినా చెయ్యి అటు పోతుంది, అలమరలో పెట్టేయండి.

2. ముందు ‘స’ ఎక్కడుందో పట్టుకోండి

దీని మీద మీరు ఎంత సమయం పెట్టినా వృథా కాదు. స దొరికితే మిగతా ఆరు స్వరాలు దాన్ని పట్టుకుని వస్తాయి. దొరక్కపోతే ప్రతి స్వరమూ విడిగా వెతుక్కోవలసిందే.

పద్ధతి ఇది. పాటను ఒక చరణం వినండి. ఆపండి. నిశ్శబ్దంలో మీకు "ఇక్కడితో అయిపోయింది, ఇక కూర్చోవచ్చు" అనిపించే స్వరాన్ని మూతి మూసి రాగం తీయండి. దాన్ని వదలకుండా అలాగే పట్టుకుని కీబోర్డు మీద వెతకండి. ఈ పద్ధతి మొత్తంలో కీలు తడుముకోవచ్చని నేను ఒప్పుకునేది ఇక్కడొక్కచోటే.

దొరికిన కీ నిజంగా స అవునా కాదా అన్నది ఇలా తేల్చుకోండి: పాట మళ్లీ పెట్టి ఆ ఒక్క కీనే బేస్‌లో మెల్లగా మోగిస్తూ ఉండండి. పాట మొత్తానికి అది శ్రుతిలా కింద కూర్చుంటే అదే స. కొన్నిచోట్ల బాగుండి, పల్లవి చివర ఎత్తిపొడిచినట్టు ఉంటే కాదు.

ఇక నల్ల కీలతో ఒక అభ్యాసం. ఇది మొదటి వారమంతా చేయండి. ఎడమ చేత్తో ఎఫ్ షార్ప్ నొక్కి పట్టుకోండి. కుడి చేత్తో నల్ల కీలు మాత్రమే, మీ ఇష్టం వచ్చినట్టు వాయించండి. వినిపించేది మోహన రాగ స్వరాలు. ఇప్పుడు కుడి చేతిని అవే ఐదు నల్ల కీల మీద ఉంచి, ఎడమ చేతిని జి షార్ప్ మీదికి మార్చండి. ఇవి మధ్యమావతి స్వరాలు. ఏ షార్ప్ మీదికి మార్చితే హిందోళం. కుడి చేతిలో ఒక్క కీ కూడా మారలేదు, స మారింది, అంతే. మన శాస్త్రంలో దీన్నే గ్రహభేదం అంటారు. పుస్తకంలో చదివితే ఒక నిర్వచనంగా మిగిలిపోయే ఈ విషయం, చేత్తో చేసి విన్న రోజు చెవికి పూర్తిగా ఎక్కుతుంది. స్వరస్థానాలు కుదిరినంత మాత్రాన రాగం వచ్చినట్టు కాదనుకోండి, మన పని ప్రస్తుతానికి స్వరస్థానాలతోనే.

ఇక్కడ జరిగే పొరపాట్లు:

మొదటి స్వరాన్నే స అనుకోవడం. ‘హ్యాపీ బర్త్‌డే’ మొదలయ్యేది స మీద కాదు, కింది ప మీద. చాలామంది సి మీద మొదలుపెట్టి, సి మేజర్ తెల్ల కీలతో వాయించబోయి, నాలుగో వరుస మొదట్లో ఇరుక్కుపోతారు. పాట ఎక్కడ మొదలైందని కాక, ఎక్కడ ఆగిందని చూడండి. చాలా పాటలకు ఆ ఒక్క జాగ్రత్త చాలు.

ప ని స అనుకోవడం. రెండూ నిలకడగా ఉంటాయి కాబట్టి ఇది సహజమే. అనుమానం వస్తే మీరు స అనుకున్నదాని నుంచి పై స దాకా స రి గ మ ప ద ని స పాడి చూడండి. పాటలో వినిపించే ని మీరు పాడిన ని కంటే ఒక మెట్టు కిందికి ఉంటే మీరు పట్టుకున్నది ప.

మేజర్, మైనర్ కలగలపడం. సి మేజర్‌కీ ఏ మైనర్‌కీ అవే తెల్ల కీలు. పాట ‘ఏ’ కీ (A) దగ్గర స్థిరపడుతుంటే, సి ని స అనుకుని వాయించినా స్వరాలు సరిపోతాయి గానీ కార్డ్స్ (ఒకేసారి కలిపి మోగించే స్వరాలు) వేసేటప్పుడు ఏదీ అతకదు. వాక్యాల చివర వినండి, తేలిపోతుంది.

3. గొంతు తెరవడం

"నాకు పాట రాదండీ" అనే మాట ఇక్కడ తప్పకుండా వస్తుంది. కచేరీ గొంతు అక్కర్లేదు. శ్రుతిలో రాగం తీయగలిగితే చాలు, అదీ పదిహేను రోజుల్లో చాలావరకు కుదురుతుంది.

శ్రుతి పెట్టె వేసుకోండి. ఎవరికి ఏ శ్రుతి హాయిగా ఉంటే అదే. తర్వాత ఈ వరుసలో:

- స … ప … పై స … ప … స. మూడు రోజులు ఇంతే.
- స గ ప గ స.
- స రి స, స రి గ రి స, ఇలా ఒక్కో మెట్టూ పెంచుకుంటూ పై స దాకా.
- కళ్లు మూసుకుని ఏదో ఒక స్వరం పేరు అనుకోండి, ఉదాహరణకి ద. ముందు పాడండి. ఆ తర్వాత కీ నొక్కి సరిచూసుకోండి.

చివరిదే అసలు అభ్యాసం. కీ నొక్కి దాన్ని అనుకరిస్తే చెవికి శ్రమ లేదు. పాడి, ఆ తర్వాత నొక్కితే ప్రతిసారీ చిన్న పరీక్ష రాసినట్టు. పదిసార్లలో ఏడుసార్లు సరిపోతుంటే తర్వాతి అడుగుకి వెళ్లొచ్చు.

చిన్నప్పుడు కర్ణాటక సంగీతం కొంత నేర్చుకుని ఆపేసినవాళ్లకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. సరళీ వరుసలు మాయామాళవగౌళలో నేర్పుతారు. అందులో రి స పక్కనే, ద ప పక్కనే ఉంటాయి. మేజర్ స్కేల్‌లో ఆ రెండూ మరో కీ పైన ఉంటాయి. ‘స రి’ అనగానే పాత అలవాటు గొంతును కిందికి లాగుతుంది. దీనికి మందు సులువు: అవే సరళీ వరుసలు శంకరాభరణంలో, అంటే సి నుంచి సి దాకా తెల్ల కీల మీద, వారం రోజులు పాడండి. ఆ తర్వాత రెండూ విడివిడిగా నిలబడతాయి.

4. స్వరం మొహం గుర్తుపట్టడం

రెండు స్వరాల మధ్య దూరం వినిపించి పేరు అడిగే యాప్‌లు చాలా ఉన్నాయి. నేను వాటిని మొదట్లో వాడమనను. స నుంచి గ నాలుగు కీల దూరం (నల్ల కీలూ కలిపి), ప నుంచి ని కూడా నాలుగు కీల దూరమే. కానీ పాటలో అవి ఒకేలా వినిపించవు, ఎందుకంటే చెవి కొలిచేది దూరాన్ని కాదు, స తో ఉన్న చుట్టరికాన్ని. కాబట్టి శ్రుతి మోగుతుండగా ఒక్కో స్వరాన్నీ చాలాసేపు పట్టుకుని అది ఎటు పోవాలనుకుంటోందో గమనించండి. నాకు వినిపించేది ఇలా:

- ని: పై స వైపు గట్టిగా లాగుతుంది. అక్కడ ఆగితే ఊపిరి బిగబట్టినట్టు ఉంటుంది.
- మ: గ మీదికి జారాలని చూస్తుంది.
- ద: ప మీద వాలుతుంది.
- రి: అటు స, ఇటు గ, రెండు వైపులా చూస్తుంది.
- ప: నిలబడుతుంది, కానీ కథ ఇంకా ఉందన్నట్టు.
- గ: పాట సంతోషంగా ఉందో దిగులుగా ఉందో చాలావరకు చెప్పేది ఇదే.

గ గురించి ఇంకో మాట. పాట మేజరా మైనరా అన్నది తేల్చేది గ. స నుంచి నాలుగో కీ అయితే అంతర గాంధారం, మేజర్. మూడో కీ అయితే సాధారణ గాంధారం, మైనర్. కొత్త పాట విన్నప్పుడు స తర్వాత వెతకవలసింది గ నే. తర్వాత మ, ద, ని చూసుకుంటే స్కేల్ తేలిపోతుంది. తెల్ల కీల మీద గుర్తుపెట్టుకోవడానికి: సి నుంచి శంకరాభరణం, డి నుంచి ఖరహరప్రియ, ఎఫ్ నుంచి కల్యాణి, జి నుంచి హరికాంభోజి, ఏ నుంచి నఠభైరవి. ఏ మీద నఠభైరవిలో జి ని మాత్రం జి షార్ప్ చేస్తే కీరవాణి. మీరు హార్మోనిక్ మైనర్ అని నేర్చుకున్నది ఇదే.

5. మొదటి పాట: ఒక్కో ముక్కా

పాట ఎంచుకోవడంలోనే సగం మంది దెబ్బ తింటారు. తమకు బాగా ఇష్టమైన సినిమా పాట పట్టుకుంటారు, అందులో గాయకుడి గమకాలు ఉంటాయి. పియానో కీ రెండు స్వరాల మధ్య జారలేదు. గమకాన్ని ఏ స్వరంగా రాసుకోవాలో తెలియక టెన్షన్ పడి, చెవి లేదని తేల్చుకుంటారు. చెవిది తప్పు కాదు, ఎంచుకున్న పాట అప్పటికి తగింది కాదు.

మొదటి నాలుగు పాటలకు ఇవి చూసుకోండి:

- చిన్నప్పటి నుంచి నోటికి వచ్చిన పాట: లాలిపాట, బడి ప్రార్థన, భజన, చర్చి పాట, ఏదైనా.
- ఎనిమిది స్వరాల పరిధిలోపు నడిచేది.
- ఒక అక్షరానికి ఒక స్వరం పడేది.
- వాయిద్యాల హంగామా లేకుండా మీరే పాడుకోగలిగేది.

ఇప్పుడు జాతీయ గీతం మొదటి వరుస తీసుకుని చేసి చూద్దాం. ‘జనగణమన అధినాయక జయహే’. రికార్డింగ్ అక్కర్లేదు, అది మీ లోపలే ఉంది.

మీకు హాయిగా ఉన్న శ్రుతిలో పాడండి. ‘జ’ మీద ఆగండి. శ్రుతి వేసి చూస్తే అది స. ‘న’ ఒక మెట్టు పైన, రి. ‘గ’ ఇంకో మెట్టు, గ. అక్కడి నుంచి ‘ణమన అధినాయక’ వరకు కదలికే లేదు. ఒకే స్వరం మీద అక్షరాలు నడుస్తున్నాయి. ఇది గమనించడం ముఖ్యం: పదాలు మారుతుంటే స్వరమూ మారుతోందని కొత్తలో అనిపిస్తుంది. మాటలు తీసేసి ‘లా లా’ అని పాడితే నిజం తెలుస్తుంది. తర్వాత ‘జయహే’లో ఒక చిన్న కదలిక, ‘జ’ మీద కిందికి ఒక మెట్టు దిగి, ‘య’ మీద వెనక్కి వచ్చి, ‘హే’ మీద ఒక మెట్టు పైకి. అంటే:

స రి గ గ గ గ గ గ గ, గ గ రి గ మ.

సి ని స గా పెట్టుకుంటే సి, డి, ఈ, ఎఫ్. నాలుగే కీలు. బొటనవేలు సి మీద పెడితే చెయ్యి జరపకుండా వరుస అంతా వస్తుంది.

ఏ పాటకైనా ప్రతి ముక్కకీ ఇదే వరుస:

- మూడుసార్లు వినండి, చేతులు ఒళ్లో పెట్టుకుని.
- ఆపి, మనసులో ఒకసారి వినండి.
- ‘లా’ తో పాడండి.
- సరిగమలతో పాడండి. ఎక్కడ తడబడితే అక్కడే పని ఉంది.
- ఇప్పుడు వాయించండి.

రెండుసార్లు తప్పు కీ పడితే మూడోది నొక్కకండి. చేతులు తీసేసి మళ్లీ పాడండి. ఈ ఒక్క నియమం పాటించినవాళ్లు నెలలో ఎంత ముందుకు వెళ్లారో, పాటించనివాళ్లు ఎంత కాలం అక్కడే తిరిగారో చాలాసార్లు చూశాను. పక్క కీ, దాని పక్క కీ నొక్కుతూ పోతే వేలు నేర్చుకునేది తప్పు కీల వరుసనే.

రికార్డింగ్ నుంచి నేర్చుకుంటే యూట్యూబ్‌లో వేగం 0.75కి తగ్గించుకోండి, శ్రుతి మారదు. 0.5 దగ్గర గొంతు చెదిరిపోయి స్వరం అంచులు తెలియవు. పాత రికార్డింగులు కొన్ని ఏ కీకీ సరిగ్గా కూర్చోవు, రెండు కీల మధ్యలో ఉంటాయి. మీ చెవి మీద అనుమానపడకండి. పాట ఆపి, దగ్గరలో ఉన్న కీని స గా పెట్టుకుని పని కొనసాగించండి.

వేళ్ల నంబర్లు ఎవరూ రాసి ఇవ్వరు కాబట్టి కొత్తలో చెయ్యి తడబడుతుంది. ముందు ముక్కంతా పాడి, అందులో అన్నిటికంటే కింది స్వరం, పై స్వరం చూసుకుని చెయ్యి పెట్టండి. అంతకుమించి దీని గురించి బెంగ వద్దు. స్కేల్స్ సాధన చేసిన చేతికి అది త్వరగానే కుదురుతుంది.

6. ఎడమ చెయ్యి: ముందు బేస్, తర్వాత కార్డ్

నాలుగు పాటలు కుడి చేతికి వచ్చాక మాత్రమే ఇక్కడికి రండి. షీట్ చదివేవాళ్లు రెండు చేతులూ ఒకేసారి చూడటానికి అలవాటుపడి ఉంటారు, అదే ఆత్రం ఇక్కడా చూపిస్తారు. చెవి ఒకసారికి ఒక పనే చేస్తుంది.

మొదట పూర్తి కార్డ్స్ వద్దు. ఎడమ చేత్తో ఒక్క వేలు. స, మ, ప, ఈ మూడింటిలో ఏదో ఒకటి. కుడి చేత్తో పాట వాయిస్తూ, లేదా పాడుతూ, దెబ్బ పడే చోట స మోగించండి. అతుకుతున్నంతసేపూ మార్చకండి. అతకనప్పుడు మ, ప ప్రయత్నించండి. రెండు మూడు రోజుల్లో "ఇక్కడ మారాలి" అన్నది చెవి ముందే చెబుతుంది. ఏది వేయాలన్నది తెలియడం కంటే ఎప్పుడు మారాలన్నది తెలియడం ముందు రావాలి.

తర్వాత కార్డ్స్. మేజర్ పాటకి నాలుగు చాలు:

- స కార్డ్: స గ ప (సి మేజర్)
- మ కార్డ్: మ ద స (ఎఫ్ మేజర్)
- ప కార్డ్: ప ని రి (జి మేజర్)
- ద కార్డ్: ద స గ (ఏ మైనర్)

ఏది వేయాలో తేల్చడానికి దెబ్బ మీద పడిన స్వరాన్ని చూడండి. గ పడితే స కార్డ్, లేదా ద కార్డ్. రి, ని పడితే ప కార్డ్. మ పడితే మ కార్డ్. ప పడితే స కార్డ్ గానీ ప కార్డ్ గానీ. ద పడితే మ కార్డ్ గానీ ద కార్డ్ గానీ. స పడితే స, మ, ద మూడింటిలో ఏదైనా కావచ్చు, అప్పుడు చెవే తేల్చాలి.

‘హ్యాపీ బర్త్‌డే’ మీద చేద్దాం. మూడు దెబ్బల నడక. దెబ్బ ‘హ్యాపీ’ మీద కాదు, ‘బర్త్’ మీద.

మొదటి వరుస: ప ప ద ప స ని (స తప్ప అన్నీ మంద్ర స్థాయి, అంటే స కి కింద ఉన్నవి). ‘బర్త్’ మీద పడింది ద. లెక్క ప్రకారం మ కార్డ్ గానీ ద కార్డ్ గానీ వేయాలి. వేసి వినండి. తర్వాత స కార్డ్ వేసి వినండి. స కార్డే కుదురుతుంది, ఎందుకంటే ఆ ద అక్కడ నిలవడానికి రాలేదు, వెంటనే ప మీద వాలిపోయింది. లెక్క దారి చూపిస్తుంది, చివరి మాట చెవిదే. ‘యూ’ మీద ని, అక్కడ ప కార్డ్.

రెండో వరుస: ప ప ద ప రి స. ‘బర్త్’ మీద ప కార్డే కొనసాగుతుంది. ‘యూ’ మీద స కార్డ్‌కి తిరిగి వస్తాం.

మూడో వరుస: ప ప, పైకి ఎగిరి మధ్య స్థాయి ప, గ స ని ద. ఎగిరిన ప దగ్గర స కార్డ్. పేరు వచ్చే చోట, ని ద మీద, మ కార్డ్. ని ఆ కార్డ్‌లో లేదు, ఒక్క క్షణం గుచ్చుకుని ద మీద కుదురుతుంది. ఆ గుచ్చుకోవడమే ఆ చోటికి అందం.

నాలుగో వరుస: మ మ గ స రి స. గ మీద స కార్డ్, రి మీద ప కార్డ్, చివర స కార్డ్.

పాట మొత్తానికి మూడే కార్డ్స్. ఇది కుదిరిన రోజు మీకు తెలిసిన పాటల్లో ఎన్నో ఈ మూడు, నాలుగు కార్డ్స్‌తోనే నడుస్తున్నాయని వినపడటం మొదలవుతుంది.

మైనర్ పాటలకు స కార్డ్, మ కార్డ్ మైనర్ అవుతాయి. ప కార్డ్ దగ్గర ఆగి వినండి: పాట కీరవాణి స్వరాల్లో ఉంటే ని పైది, కాబట్టి ప కార్డ్ మేజర్. నఠభైరవి స్వరాలే అయితే మైనర్.

రాగం మీద గట్టిగా నిలబడిన పాటకి కార్డ్స్ తోసేయకండి. అలాంటిచోట ఎడమ చేత్తో స, ప రెండే శ్రుతిలా మోగించడం ఎంతో బాగుంటుంది. హిందోళంలో ప లేదు, అక్కడ ప మోగిస్తే గుచ్చుకుంటుంది. స, మ మోగించండి.

7. శ్రుతి మార్చడం

ఒక్క సి లోనే వాయించగలిగితే చెవితో వాయించడం వచ్చినట్టు కాదు. వచ్చిన ప్రతి పాటనూ కనీసం మూడు శ్రుతుల్లో వాయించాలి. సి, తర్వాత జి, ఎఫ్, డి. ఆ తర్వాత నల్ల కీలవి.

స్వరాల పేర్లతో నేర్చుకున్నందువల్ల ఇక్కడ కొత్తగా గుర్తుపెట్టుకునేది ఏమీ లేదు. స ఎక్కడో మారింది, స రి గ గ గ అలాగే ఉంది. కీ పేర్లతో గుర్తుపెట్టుకున్నవాళ్లు ప్రతిసారీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

పాడేవాళ్లు "నాది ఐదున్నర" అంటే మీకు వెంటనే కీ తెలియాలి:

- ఒకటి సి, ఒకటిన్నర సి షార్ప్
- రెండు డి, రెండున్నర డి షార్ప్
- మూడు ఈ
- నాలుగు ఎఫ్, నాలుగున్నర ఎఫ్ షార్ప్
- ఐదు జి, ఐదున్నర జి షార్ప్
- ఆరు ఏ, ఆరున్నర ఏ షార్ప్
- ఏడు బి

ట్రాన్స్‌పోజ్ బటన్ ఉండగా ఇదంతా ఎందుకని అడుగుతారు. వేదిక మీద అవసరమైతే నొక్కండి, అందులో తప్పేమీ లేదు. సాధనలో మాత్రం వద్దు. సి కీ నొక్కితే డి వినిపించడానికి అలవాటుపడితే, మీరు ఇన్ని వారాలు చెవికీ కీకీ కలిపిన ముడి వదులైపోతుంది.

8. తప్పులు, వాటికి మందు

"ఇవాళ వచ్చింది, రేపటికి పోయింది." వేళ్ల కదలికతో గుర్తుపెట్టుకున్నారు. కీబోర్డుకి దూరంగా, వంట చేస్తూనో నడుస్తూనో పాటను సరిగమల్లో పాడి చూడండి. ఎక్కడ ఆగిపోతే అక్కడి ముక్క మళ్లీ నేర్చుకోండి.

"పాడగలను, స్వరం పేరు చెప్పలేను." ఆ స్వరం మీద ఆగి, అక్కడి నుంచి మెట్లు దిగుతూ స దాకా పాడుతూ రండి. ఎన్ని మెట్లు దిగారో లెక్కపెడితే పేరు తెలుస్తుంది. నెల రోజుల్లో లెక్క అక్కర్లేకుండా పోతుంది.

"పెద్ద గెంతులు తప్పుతున్నాయి." పై స్వరాన్ని కింది స్వరం నుంచి కొలవకండి. రెండింటినీ విడివిడిగా స తో పోల్చి పాడండి.

"రెండు చేతులు కలిపితే తాళం తప్పుతోంది." ఎడమ చేతిని ఆవృతానికి (తాళం ఒక చుట్టుకి) ఒక్క దెబ్బకి తగ్గించండి. తాళం ఆగకుండా ఉండటం ముఖ్యం, కార్డ్ తప్పిపోయినా ఆగి దిద్దుకోవద్దు.

"యూట్యూబ్ ట్యుటోరియల్‌లో కీలు వెలుగుతాయి కదా, అది చూసి నేర్చుకోవచ్చా?" అది కూడా కళ్లతో చదవడమే. పేజీ బదులు తెర వచ్చింది, అంతే.

"సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుసుకోవాలి?" ఫోన్‌లో రికార్డ్ చేసి మర్నాడు వినండి. వాయిస్తున్నప్పుడు వినపడని తప్పు అప్పుడు వినపడుతుంది. ఆ పాటకి నొటేషన్ దొరికితే అప్పుడు తెరిచి చూసుకోండి. ముందు చూస్తే ఊతకర్ర, తర్వాత చూస్తే జవాబు పత్రం.

9. పన్నెండు వారాల వరుస

- 1, 2 వారాలు: స పట్టడం, నల్ల కీల అభ్యాసం, శ్రుతితో గొంతు. రోజుకి ఒక పాట విని దాని స ఏ కీయో రాసుకోవడం.
- 3, 4, 5 వారాలు: చిన్న పాటలు నాలుగు, కుడి చేత్తో మాత్రమే.
- 6, 7, 8 వారాలు: అవే పాటలకు ఒక్క వేలి బేస్, తర్వాత కార్డ్స్. కొత్త పాటలు రెండుకి మించి వద్దు.
- 9, 10 వారాలు: ఆరు పాటలూ మూడేసి శ్రుతుల్లో. ఒక మైనర్ పాట.
- 11, 12 వారాలు: పాడేవాళ్ల వెనక వాయించడం.

25 నిమిషాల్లో: ఐదు నిమిషాలు గొంతు, పది నిమిషాలు కొత్త ముక్క, ఐదు నిమిషాలు పాత పాట కొత్త శ్రుతిలో, చివరి ఐదు నిమిషాలు ఏ లక్ష్యమూ లేకుండా మీ ఇష్టం. చివరి ఐదు నిమిషాలు కోసేయకండి. పేజీ లేకుండా పియానో ముందు భయం లేకుండా కూర్చోవడం అక్కడే అలవాటవుతుంది.

వీలైతే ఈ మూడు నెలల్లో ఒక్కసారైనా చర్చిలోనో భజనలోనో కీబోర్డు వాయించేవాళ్ల పక్కన కూర్చోండి. పాట ఏ శ్రుతిలో మొదలవుతుందో వాళ్లకు ముందుగా తెలియని సందర్భాలు ఎన్నో. గొంతు లేవగానే ఎడమ చెయ్యి ముందు ఒక్క స్వరం మెల్లగా తాకి చూసుకుంటుంది, ఒకటి రెండు మాటల్లో స దొరుకుతుంది, కుడి చెయ్యి ఆ తర్వాతే వస్తుంది. పద్యనాటకాల హార్మోనియం వాళ్లను చూసినా ఈ నేర్పు కనిపిస్తుంది. వాళ్ల ఎడమ చేతిని చూడండి, అడగండి. సంతోషంగా చెబుతారు.

పన్నెండో వారం చివర ఈ పరీక్ష పెట్టుకోండి. ఇంట్లో అమ్మనో, నాన్ననో, చెల్లినో తమకు వచ్చిన పాట ఒకటి శ్రుతి చెప్పకుండా, మీరు కీ ఇవ్వకుండా పాడమనండి. మొదటి వరుస వాళ్లను పాడనివ్వండి, చేతులు ఒళ్లోనే. స ను మూతి మూసి రాగం తీయండి, బేస్‌లో ఒక్క వేలితో తాకి చూడండి. కుదిరితే రెండో వరుస నుంచి ఆ ఒక్క స్వరంతో వెంట నడవండి. పల్లవి మళ్లీ వచ్చేటప్పటికి కార్డ్స్ కలపండి. స్వరాలన్నీ వాయించనక్కర్లేదు, వాళ్లు ఆగకుండా పాట పూర్తి చేయగలిగితే ఆ పాట పక్కన తేదీ వేసి, శ్రుతి రాసుకుని, మరుసటి వారానికి ఇంకో పాట అడగండి.